పెదాలు నీలమైతే నాలుక చూడండి

28 డిగ్రీల గాలిలో నిలబడితే ఉక్కపోస్తుంది. అదే 28 డిగ్రీల నీళ్లలో అరగంట నాని బయటికొచ్చిన పిల్లాడి పెదాలు సిరా పూసినట్టు ఉంటాయి. గడ్డం అదురుతుంటుంది, పళ్లు టకటకలాడుతుంటాయి, భుజాలు చెవుల దాకా ముడుచుకుపోయి ఉంటాయి. అయినా వాడు చెప్పేది ఒకటే మాట: "నాకేం చలి లేదు, ఇంకో అయిదు నిమిషాలు!"

మాకు ఈత నేర్పిన మాస్టారు ఇలాంటివాళ్లతో వాదన పెట్టుకునేవారు కాదు. గట్టు మీద కూర్చోబెట్టి "ఏదీ, నాలుక చాపు" అనేవారు. ఆ తర్వాత పదిహేడులోంచి తొమ్మిది తీసేస్తే ఎంత అన్నట్టు ఏదో ఒక చిన్న లెక్క అడిగేవారు. మేం దాన్ని వేళాకోళం కిందే జమకట్టాం. ఆ రెండు ప్రశ్నల్లో ఎంత వైద్యం ఇమిడి ఉందో చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు.

పెదాలు నీలమవడానికి దారులు రెండు. రక్తం మంచిదే అయినా పెదాల దగ్గర దాని నడక మందగించడం ఒకటి. గుండె నుంచి బయల్దేరేటప్పుడే రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉండటం రెండోది. పైకి కనిపించే రంగు మాత్రం ఒకటే. మొదటిదానికి పొడి తువ్వాలు చాలు, రెండోదానికి అంబులెన్సు కావాలి. ఈతకొలను గట్టున కనిపించే నీలి పెదాల్లో దాదాపు అన్నీ మొదటి రకమే కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. మన చర్మం మామూలుగా 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలిలో ఉన్నప్పుడు ఒంటిని అంటుకుని వెచ్చబడిన గాలి ఒక పల్చటి పొరలా నిలిచి, కనిపించని దుప్పటిలా పనిచేస్తుంది. నీళ్లలో ఆ సుఖం లేదు. ఒంటి వేడికి కాస్త వెచ్చబడ్డ నీరు ఒక్క బార వేసేసరికి పక్కకు పోతుంది, దాని చోటులోకి చల్లటి నీరు వస్తుంది. కదలకుండా నిలబడ్డ మనిషికి వేడి లోటు రాకూడదంటే నీళ్లు 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉండాలి. పోటీలు జరిగే కొలనుల్లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని ఈత పోటీల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అక్వాటిక్స్ నిబంధన. ఆపకుండా ఈదేవాళ్లకు ఆ చల్లదనం హాయి, కండరాలు పుట్టించే వేడి ఎటో ఒకటి పోవాలి కదా. అదే నీళ్లలో గట్టు పట్టుకుని తన వంతు కోసం చూసే పిల్లవాడికి అది నిలువు దోపిడీ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత శరీరానికి పుట్టుకతోనే తెలుసు. చర్మంలోని చలి నరాల నుంచి కబురు అందగానే మెదడులోని హైపోథాలమస్ ఒక నిర్ణయం తీసుకుంటుంది: గుండె, మెదడు, కాలేయం వెచ్చగా ఉండాలి, అంచుల సంగతి తర్వాత. మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాల చివర్లలో నోరెడ్రినలిన్ అనే రసాయనం విడుదలై చర్మంలోని సన్నటి ధమనుల గోడలను బిగిస్తుంది. వేళ్లు, కాలి వేళ్లు, చెవులు, ముక్కు, పెదాలకు వెళ్లే రక్తం సన్నగిల్లుతుంది. ఒంట్లో రక్తం మొత్తంగా ఏమీ తగ్గదు, దాని పంపకం మారుతుందంతే. దీనికి తోడు మెడ దాకా నీళ్లలో ఉంటే, నీటి ఒత్తిడికి కాళ్లలోంచి, పొట్టలోంచి సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం ఛాతీ వైపు జరుగుతుంది. గుండె దగ్గర రక్తం పెరిగిందని చూసిన శరీరం, నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలకు పని చెబుతుంది. నీళ్లలో దిగిన కాసేపటికే మూత్రం వచ్చినట్టు అనిపించేది అందుకే. అందరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ముఖం నీళ్లలో మునిగితే ఇంకో పోటు. ముఖ చర్మంలోని ట్రైజెమినల్ నరం చల్లటి నీటి స్పర్శను పసిగట్టి, గుండె వేగాన్ని తగ్గించి, అంచుల రక్తనాళాలను మరికొంత బిగిస్తుంది. సీల్, తిమింగలం లాంటి జలచరాల్లో ఇది చాలా బలంగా ఉంటుంది, మనలో దాని ఛాయ మిగిలింది. ముఖం ముంచి ఈదేవాడికీ, తల పైకెత్తి తేలేవాడికీ మధ్య ఈ ఒక్క తేడా కూడా ఉంది.

ఇంతవరకూ రక్తం తగ్గిందని మాత్రమే చెప్పుకున్నాం. రక్తం తగ్గితే పెదవి పాలిపోవాలి గానీ నీలమెందుకవుతుంది?

ఇక్కడో చిన్న చిక్కుముడి. రక్తం ఎప్పుడూ నీలంగా ఉండదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోస్తున్నప్పుడు మెరిసే ఎరుపు, దించేశాక ముదురు ఎరుపు. సూదితో సిర లోంచి తీసిన రక్తం గాజుగొట్టంలో చూసినవారికి ఆ ముదురు రంగు తెలుసు. ఆ ముదురు రక్తాన్ని మనం చర్మమనే తెర వెనక నుంచి చూస్తాం. ఎరుపు కాంతి చర్మంలోకి లోతుగా దిగి అక్కడి ముదురు రక్తంలో ఇంకిపోతుంది. నీలి కాంతి పైపొరల్లోనే చెదిరి వెనక్కి వస్తుంది. కంటికి చేరే కాంతిలో ఎరుపు వాటా పడిపోయేసరికి మిగిలినదాన్ని మెదడు నీలంగా చదువుతుంది. ముంజేతి సిరలు నీలంగా కనిపించేదీ ఈ మాయతోనే.

మరి పెదాల్లోని రక్తం ముదురుగా ఎందుకవుతుంది? ధమని బిగిసింది, వెనక నుంచి తోపు తగ్గింది, కేశనాళికల్లో రక్తం పాకుతున్నట్టు కదులుతోంది. అంతసేపు అక్కడే ఉన్న రక్తం నుంచి చుట్టూ ఉన్న కణాలు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ లాగేసుకుంటాయి. లెక్క వేస్తే ఇది బాగా తెలుస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉందనుకుందాం. ఆరోగ్యంగా ఉన్నవారి ధమని రక్తంలో ఆక్సిజన్ లేనిది దాదాపు 2 శాతం, అంటే 0.3 గ్రాము. సిరలోకి చేరేసరికి 25 శాతం ఖాళీ అయిందనుకుంటే 3.75 గ్రాములు. మధ్యలో ఉన్న కేశనాళికల్లో సగటున 2 గ్రాములు, పెదవి గులాబీ రంగు. ఇప్పుడు నడక మందగించి సిరకు చేరేసరికి 65 శాతం ఖాళీ అయిందనుకోండి. సిరలో 9.75, కేశనాళికల్లో సగటు 5 గ్రాములు. 1919లో క్రిస్టెన్ లుండ్స్‌గార్డ్ అనే డేనిష్ వైద్యుడు కొలిచి చెప్పిన గీటురాయి కూడా సుమారుగా ఇదే. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల దగ్గరికి వచ్చినప్పుడు కంటికి నీలం కనిపిస్తుంది. వైద్యులు దీన్ని సయనోసిస్ అంటారు. ముదురు నీలాన్ని చెప్పే గ్రీకు మాటలోంచి వచ్చిన పేరది.

ఈ లెక్కలో ధమని వైపు అంకె మారలేదని గమనించండి. ఊపిరితిత్తులు తమ పని తాము చేస్తున్నాయి, గుండె తన పని చేస్తోంది. మార్పంతా పెదవి దగ్గరే జరిగింది. అందుకే దీన్ని అంచుల సయనోసిస్ అనవచ్చు.

ఇదే లెక్క ఒక ప్రమాదాన్ని కూడా చెబుతుంది. రక్తహీనత బాగా ఉండి హిమోగ్లోబిన్ 7 గ్రాములే ఉన్నవారిలో ఆ 5 గ్రాముల గీత చేరాలంటే సగటున 70 శాతానికి పైగా ఖాళీ అవ్వాలి. అది అంత సులువుగా జరగదు. కాబట్టి వాళ్ల పెదాలు తెల్లగా పాలిపోతాయే తప్ప నీలం తిరగవు. నీలం లేదు కదా అని నిశ్చింతగా ఉండటం కుదరదన్నమాట. హిమోగ్లోబిన్ మరీ ఎక్కువ ఉన్నవారిలో దీనికి తలకిందులు, చిన్న కారణానికే రంగు మారుతుంది.

శరీరంలో ఇన్ని అంచులుండగా పెదాలే ఎందుకు పట్టించేస్తాయంటే, అక్కడ తెర పల్చన. ఎర్రగా కనిపించే పెదవి భాగంలో వెంట్రుకల కుదుళ్లు లేవు, చెమట గ్రంథులు లేవు, పైపొర ముఖ చర్మం కంటే చాలా సన్నం, కేశనాళికలు పైకే ఉంటాయి. అద్దం ముందు నిలబడి కింది పెదవిని వేలితో గట్టిగా నొక్కి వదలండి. ఒక్క క్షణం పాలిపోయి, మళ్లీ రంగు పొంగుతూ రావడం కనిపిస్తుంది. చల్లటి నీళ్లలోంచి వచ్చాక ఇదే పని చేస్తే ఆ పొంగు బద్ధకంగా, రెండు మూడు క్షణాలు తీసుకుని వస్తుంది. రక్తం నెమ్మదించడమంటే ఏమిటో కంటితో చూడటానికి ఇంతకంటే సులువైన ప్రయోగం లేదు.

పెదాల్లో మెలనిన్, అంటే చర్మానికి నలుపునిచ్చే రంగు పదార్థం, ఎక్కువున్నవారిలో నీలం నీలంగా కనిపించదు. బూడిద పూసినట్టో, మరింత నల్లబడినట్టో ఉంటుంది. చలికి "పెదాలు నల్లబడ్డాయి" అని మనం అనే మాటలో చాలాసార్లు ఉన్నది ఇదే. అలాంటప్పుడు పెదవి లోపలి వైపు, చిగుళ్లు, కింది కనురెప్ప లోపలి భాగం, గోళ్లు చూడాలి.

ఎముకలు కొరికే చలిలో ముక్కు, చెవులు ఎర్రబడతాయి కదా, అప్పుడు నీలం ఏమైందని అడగొచ్చు. మంచి ప్రశ్న. హిమోగ్లోబిన్ చల్లబడే కొద్దీ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, వదలదు. చల్లబడ్డ కణాలకు ఆక్సిజన్ అవసరమూ తగ్గుతుంది. ఇచ్చేవాడు బిగబట్టాడు, అడిగేవాడు అడగటం మానేశాడు, రక్తం ఎర్రగానే ఉండిపోతుంది. దీనికి తోడు విపరీతమైన చలిలో బిగిసిన నాళాలు ఉండుండి కాసేపు తెరుచుకుంటాయి, 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు వర్ణించిన స్పందన ఇది. కాబట్టి ఎక్కువ చలికి ఎక్కువ నీలం అన్న సూత్రమేమీ లేదు. ఒక మోస్తరు చల్లదనం, ఎక్కువ సేపు నానడం, ఇవి రెండూ కలిసినప్పుడే నీలం బాగా తిరుగుతుంది. ఈతకొలను సరిగ్గా అలాంటి చోటు.

పిల్లల్లోనే ముందుగా కనిపించడానికి కారణం లెక్కలో ఉంది. 70 కిలోల పెద్దమనిషికి చర్మం విస్తీర్ణం సుమారు 1.8 చదరపు మీటర్లు, 20 కిలోల పిల్లవాడికి దాదాపు 0.8. కిలో బరువుకు చూస్తే పిల్లవాడికి వేడి పోయే తలుపులు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. బక్కపల్చటి పిల్లలైతే చర్మం కింద కొవ్వు దుప్పటి కూడా ఉండదు. కొవ్వు ఎంత పని చేస్తుందనడానికి ఐస్‌లాండ్ మత్స్యకారుడు గుద్‌లాయ్‌గుర్ ఫ్రిథోర్సన్ ఉదాహరణ చాలు. 1984 మార్చిలో పడవ మునిగిపోతే, 5, 6 డిగ్రీల సముద్రంలో అయిదారు గంటలు ఈది ఒడ్డుకు చేరాడు. తర్వాత పరిశోధకులు పరీక్షిస్తే అతని ఒంట్లో కొవ్వు పొర మామూలు మనుషుల కంటే రెండు మూడు రెట్లు మందంగా ఉన్నట్టు తేలింది. ఊబకాయం గురించి ఎవరైనా చెప్పిన ఏకైక మంచి మాట బహుశా ఇదేనేమో!

నీళ్లలో ఉన్నంతసేపూ బాగానే ఉండి, బయటికి వచ్చాక పెదాలు మరింత నల్లబడటం చాలామంది గమనించే ఉంటారు. అది ఆవిరి చేసే పని. ఒక గ్రాము నీరు చర్మం మీద ఆవిరవడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఒంటి మీద, తడి బట్టల్లో కలిపి 50 గ్రాముల నీరు ఉందనుకుంటే 29 కిలోకేలరీలు. 25 కిలోల పిల్లవాడి ఒళ్లంతా ఒక డిగ్రీ చల్లబడటానికి 21 కిలోకేలరీలు పోతే చాలు. ఆవిరికి కావలసిన వేడిలో కొంత గాలి కూడా ఇస్తుంది కాబట్టి నిజంగా అంత పడిపోదు. అయినా గాలి వీస్తున్న గట్టు మీద తడి బట్టలతో కబుర్లు చెబుతూ నిలబడటం నీళ్లలో ఉండటం కంటే ఏమాత్రం మేలు కాదని ఈ అంకె చెబుతుంది. తుడుచుకోవడం ముఖ్యం, అది కూడా వెంటనే.

ఇప్పుడు పెదాలు నీలమయ్యే రెండో దారి.

నాలుక నోట్లో ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చలికి అక్కడి రక్తనాళాలు పెదాల్లా బిగుసుకోవు. అందువల్ల పెదాలు నీలంగా ఉండి నాలుక ఎర్రగా ఉంటే, మంచి రక్తమే వస్తోంది, అంచున నెమ్మదించింది. నాలుక కూడా నీలమైతే, రక్తం ఆక్సిజన్ లేకుండానే బయల్దేరింది. మాస్టారి మొదటి ప్రశ్న దీని కోసమే.

ఈతలో ఇలా జరిగే సందర్భాల్లో అన్నిటికంటే మోసకారి, ఊపిరి బిగబట్టే పందెం. మనకు ఊపిరి తీసుకోవాలన్న తపన ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదు, ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు పుడుతుంది. మునిగే ముందు గబగబా లోతుగా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. ఇక లోపల గంట మోగదు. ఆక్సిజన్ అయిపోతున్నా హాయిగానే ఉంటుంది, ఆ హాయిలోనే స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లే, మెడ లోతు నీళ్లలోనే ఇలా పోతారు, కేక కూడా వినిపించదు. ఊపిరి బిగబట్టి లోతుకు దిగే ఫ్రీడైవింగ్‌లో తోడుగా ఉండేవాళ్లు పైకి తేలిన మనిషి పెదాల వైపు, కళ్ల వైపు కొన్ని క్షణాల పాటు చూపు తిప్పకుండా చూస్తారు. పైకి వచ్చి పీల్చిన ఊపిరి ఊపిరితిత్తుల నుంచి గుండెకు, అక్కడి నుంచి మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది, ఈలోపు పడిపోవచ్చు. ఎవరు ఎక్కువ సేపు మునుగుతారో చూద్దామనే ఆటను నేనైతే చూసిన వెంటనే ఆపించేస్తాను. మర్యాద పోయినా ఫర్వాలేదు.

నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, దగ్గు తగ్గకుండా, ఊపిరి ఆడక పెదాలతో పాటు నాలుక రంగు మారినా ఇదే కోవ. ఏ నీళ్లూ మింగకపోయినా, చల్లటి నీళ్లలో గట్టిగా ఈదుతున్నప్పుడు కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. ఇందాక చెప్పుకున్న, ఛాతీలోకి జరిగిన రక్తం ఒత్తిడే దీనికి మూలం. ఉన్నట్టుండి ఆయాసం, దగ్గు, గులాబీ రంగు నురగ వస్తే అది ఒంట్లో సత్తువ లేక వచ్చిన ఆయాసమని సరిపెట్టుకోకూడదు. పుట్టుకతో గుండెలో రంధ్రాల్లాంటి లోపాలుంటే కొందరు పిల్లల్లో శ్రమ చేసినప్పుడల్లా నీలం కనిపిస్తుంది. నీళ్లు వెచ్చగా ఉన్నా, వణుకే లేకపోయినా పెదాలు నీలమయ్యే పిల్లల్ని ఒకసారి వైద్యుడికి చూపించడం మంచిది.

చల్లబడ్డ వేలికి ఆక్సీమీటర్ పెట్టి అంకె చూసి బెదిరిపోకండి, మురిసిపోకండి కూడా. వేలిలో రక్తమే సరిగా ఆడనప్పుడు ఆ యంత్రం చెప్పేదాన్ని నమ్మలేం.

రంగు మార్పుతో పాటు పెదాలు ఉబ్బి, ఒంటి మీద దద్దుర్లు లేస్తే అది చలికి వచ్చే అలర్జీ. అది ఉన్నవాళ్ల ఒళ్లంతా ఒకేసారి చల్లటి నీళ్లలో పడితే రక్తపోటు పడిపోయి మునిగిపోయే ప్రమాదం ఉంది, తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. వేళ్లు ముందు తెల్లగా, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారుతుంటే అది 1862లో మోరిస్ రేనో వర్ణించిన రుగ్మత కావచ్చు. పెదాల్లో అది అరుదు.

ఇక మాస్టారు అడిగే ఆ చిన్న లెక్క సంగతి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా. మొదట వణుకు వస్తుంది. కండరాలు పని లేకుండానే అదిరి, విశ్రాంతిలో పుట్టే వేడికి అయిదు రెట్ల దాకా పుట్టించగలవు. కాబట్టి వణుకు మంచి గుర్తు, శరీరం ఇంకా పోరాడుతోంది. చల్లబడటం కొనసాగితే మాట ముద్దవుతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి, నడక తడబడుతుంది, ఆలోచన మొద్దుబారుతుంది. 32 డిగ్రీల దరిదాపుల్లో వణుకు కూడా ఆగిపోతుంది. ఒళ్లు ఇంకా మంచులా ఉండగానే వణుకు ఆగిన పిల్లవాణ్ని చూసి "అమ్మయ్య, సర్దుకున్నాడు" అనుకోవడం కంటే పెద్ద పొరపాటు లేదు. పదిహేడులోంచి తొమ్మిదికి తటపటాయించే జవాబు, రంగు కంటే ముందే ఈ మాట చెప్పేస్తుంది. నాలుక నీలమైనా, మగతగా ఉన్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆలోచించకుండా అంబులెన్సును పిలవాలి.

మిగతా సందర్భాల్లో చేయాల్సింది కొంచెమే. నీళ్లలోంచి బయటికి తీయండి, గాలి తగలని చోటికి తీసుకెళ్లండి, తడి బట్టలు విప్పి అద్దినట్టుగా తుడవండి, పొడి బట్టలు, తలకు టోపీ వేయండి. చిన్నపిల్లలైతే ఒళ్లోకి తీసుకుని దుప్పటి కప్పుకోండి. బాగా తెలివిలో ఉంటే వెచ్చటి తియ్యటి పానీయం పట్టవచ్చు. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దడం, ఒక్కసారిగా వేడివేడి నీళ్ల కింద నిలబెట్టడం వద్దు. పెద్దలకు మద్యం అసలే వద్దు, అది చర్మపు నాళాలను తెరిచి, అంతసేపూ దాచుకున్న వేడిని బయటికి తోసేస్తుంది.

తువ్వాలు చుట్టుకుని కూర్చున్న పావుగంట, అరగంటలో పెదాలు మళ్లీ గులాబీ రంగుకు వస్తాయి. అప్పుడు మొదలవుతుంది అసలు బేరం: "చూడు, బాగానే ఉన్నాయిగా, మళ్లీ దిగనా?" నీళ్లలోంచి వచ్చిన తర్వాత కూడా కొంతసేపు లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. చల్లబడ్డ కాళ్లు, చేతుల్లోకి రక్తం తిరిగి వెళ్లి, అక్కడి చల్లదనాన్ని మోసుకుని లోపలికి వస్తుంది. పెదాలు కోలుకున్నంత మాత్రాన తొడ కండరాలు వెచ్చబడినట్టు కాదు. అదే ఒంటితో మళ్లీ దిగితే ఈసారి నీలం అరగంట ఆగదు, పది నిమిషాల్లోనే వస్తుంది, బారలు కూడా బిగుసుకుపోయి బరువుగా పడతాయి. వణుకు పూర్తిగా ఆగి, చేతులు, పాదాలు ముట్టుకుంటే వెచ్చగా తగిలితే, అప్పుడు పంపండి. అప్పటికి వాడికే బుద్ధి మారి ఇంకేదో ఆటలో పడి ఉంటాడు.